ఖిబ్లా చరిత్ర: కాబా కట్టడమూ, నమాజు దిశా

కొన్నేళ్ళ క్రితం నేను అనువదించిన ఒక చిన్న పుస్తకానికి ప్రూఫులు దిద్దుతూ ఒక వింత గమనించాను. నేను ‘ఖిబ్లా వైపు తిరిగి’ అని వ్రాసిన ప్రతిచోటా కంపోజింగు చేసిన అబ్బాయి ‘పడమటి దిక్కుకు తిరిగి’ అని మార్చి ఉంచాడు. పిలిచి అడిగాను. “అదేమిటండీ, మీవాళ్ళు మొక్కేది పడమరకే కదా! చదివేవారికి సులువుగా ఉంటుందని మార్చాను” అన్నాడు. అతని మాటలో ద్వేషం లేదు, వెటకారమూ లేదు. చిన్నతనం నుండి తన ఊరి మస్జిదు పడమటి గోడను చూచి తెలుసుకొన్నదే చెప్పాడు.

ఈ పొరపాటులో మన పాలు కూడా ఉంది. పడమటికి కాళ్ళు చాచి పడుకోవద్దని మన ఇళ్ళలో పిల్లలను మందలిస్తాము. అది ఖిబ్లా పట్ల మర్యాద అని చెబుతామే గాని, ఖిబ్లా అంటే పడమర కాదని చెప్పడం మరచిపోతాము. జిద్దాలో పనిచేసే మన కడప, నిజామాబాదు సోదరులు నమాజులో తూర్పుకు తిరిగి నిలుస్తారు. మదీనాలో ఉన్నవారు దక్షిణానికి నిలుస్తారు. చికాగోలో స్థిరపడిన తెలుగు ముస్లిముల పిల్లలు ఈశాన్యానికి నిలుస్తారు. ముస్లిములు ఒక దిక్కును ఆరాధిస్తారన్నమాటే నిజమైతే, అన్ని దిక్కులనూ ఆరాధిస్తారని చెప్పవలసివస్తుంది.

దిక్కును కాకపోతే ఆ కట్టడాన్ని ఆరాధిస్తారా? అసలు ప్రశ్న ఇది. దీనికి వాదనకంటే చరిత్రే చక్కని సమాధానం చెబుతుంది. ఆ చరిత్రను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మాటల సంగతి. ‘ఖిబ్లా’ అనే అరబీ పదం ‘ఎదురుగా ఉండుట, అభిముఖమగుట’ అనే అర్థమిచ్చే ధాతువు నుండి పుట్టింది. పూజ అన్న భావం అందులో లేదు. ‘కాబా’ అనగా ఘనాకారపు కట్టడం. ‘బైతుల్లాహ్’ అన్న మాటతోనే అనువాదకునికి చిక్కు వస్తుంది. ‘దేవుని ఇల్లు’ అని వ్రాయగానే తెలుగు పాఠకుని మనసులో గర్భగుడి మెదులుతుంది, లోపల మూలవిరాట్టు ఎవరని అడుగుతాడు. కాబా లోపల ఉన్నవి మూడు కొయ్య స్తంభాలు, వేలాడే దీపాలు. మిగిలినదంతా ఖాళీ. దాదాపు 13 మీటర్ల ఎత్తున్న ఆ నాలుగు గోడల మధ్య అల్లాహ్ నివసిస్తాడని నమ్మిన ముస్లిము ఎవరూ లేరు. తూర్పు పడమరలు రెండూ అల్లాహ్‌వేననీ, మనిషి ఎటు తిరిగినా ఆయన సన్నిధే ఉందనీ దివ్యఖుర్‌ఆన్‌లోని బఖరా సూరా బోధిస్తుంది. ఖిబ్లా మార్పు ఆజ్ఞ వచ్చినది కూడా ఆ సూరాలోనే.

మక్కాలో ఉన్న కాలంలో దైవప్రవక్త (స) బైతుల్ మఖ్దిస్ వైపు తిరిగి నమాజు చేసేవారు. కాబా తమకూ ఆ దిశకూ మధ్య ఉండేటట్లు, అనగా కాబాకు దక్షిణంగా నిలిచేవారని ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం ఉంది. ఆ విధంగా ఒకే చూపులో రెండూ ఎదుట ఉండేవి. హిజ్రత్ తరువాత ఆ వీలు పోయింది. మదీనాకు ఉత్తరాన బైతుల్ మఖ్దిస్, దక్షిణాన మక్కా. ఒకదానికి ముఖం పెడితే రెండవదానికి వీపు పెట్టక తప్పదు.

ఈ చిక్కు హిజ్రత్‌కు ముందే ఒక అన్సారీకి ఎదురయింది. అఖబా ప్రమాణానికి మదీనా నుండి బయలుదేరిన బృందంలో బరా బిన్ మారూర్ (రజి) ఉన్నారు. కాబాకు వీపు పెట్టి నమాజు చేయడానికి తన మనసు ఒప్పడం లేదని ఆయన దారి పొడవునా కాబా వైపే నిలిచారు. తోటివారు తప్పుపట్టారు. మక్కా చేరాక ప్రవక్త (స)ను అడిగితే, నీకొక ఖిబ్లా ఉండనే ఉంది, దాని మీద ఓర్పుతో నిలిచి ఉంటే బాగుండేది అన్న భావంతో సమాధానమిచ్చారు. బరా మళ్ళీ షామ్ దిశకు తిరిగారు. ఆయన కోరుకొన్న ఖిబ్లాయే తరువాత నిర్ణయమయింది గాని, అప్పటికి ఆయన లేరు. ప్రవక్త (స) మదీనా చేరకముందే కన్నుమూశారు. తన మనసుకు నచ్చిన దిశ సరైనదే అయినా, ఆజ్ఞ రాకముందు అది ఖిబ్లా కాలేదన్న సంగతి పాఠకులు గమనించగలరు.

మదీనాలో 16 లేక 17 నెలలపాటు బైతుల్ మఖ్దిస్ ఖిబ్లాగా సాగింది. ప్రవక్త (స) మనసులో కాబాయే ఉండేది. ఇబ్రాహీం (అ), ఇస్మాయీల్ (అ) కట్టిన గృహం అది. ఆజ్ఞ కోసం ఆయన ఆకాశం వైపు పదే పదే ముఖమెత్తి చూచేవారని ఖుర్‌ఆనే చెబుతుంది. హిజ్రీ 2వ సంవత్సరంలో (క్రీ.శ. 624) ఆ ఆజ్ఞ వచ్చింది.

ఆ వార్త మదీనా పరిసరాలకు ఎలా చేరిందో హదీసు గ్రంథాలలో ఉంది. ఖుబాలో జనం ఫజ్ర్ నమాజులో ఉండగా ఒక వ్యక్తి వచ్చి చెప్పాడు. వారు నమాజు విడువలేదు, ఉన్నచోటనే తిరిగారు. ఉత్తరం నుండి దక్షిణానికి జమాఅత్ తిరగడమంటే ఏమిటో ఒకసారి ఊహించండి. ముందున్న ఇమాం ఒక్కసారిగా అందరికీ వెనుకవుతాడు. చివరి వరుసలలో ఉన్న స్త్రీలు మొదటి వరుస అవుతారు. అందుచేత ఇమాం మస్జిదు అవతలి కొసకు నడవవలసి వచ్చింది, స్త్రీలూ పురుషులూ స్థానాలు మార్చుకోవలసి వచ్చింది. ఒక సహాబియా ఆ మార్పిడిని చూచినట్లుగా వివరించారు కూడా. బనూ సలిమా తెగవారి మస్జిదుకు ‘మస్జిదె ఖిబ్లతైన్’, రెండు ఖిబ్లాల మస్జిదు అన్న పేరు ఈ సంఘటనతోనే నిలిచింది. వచ్చిన వ్యక్తి ఒక్కడు, చెప్పినది ఒక్క మాట. ఎందుకని ఎవరూ అడగలేదు.

అడిగినవారు బయటివారు. నిన్నటి దాకా ఒక దిశ, నేడు మరొక దిశ, నిన్నటిది సత్యమా నేటిదా అని మదీనా యూదులు, కపట విశ్వాసులు ఎత్తిపొడిచారు. విశ్వాసులకు కలిగిన బాధ వేరు. మార్పుకు ముందే మరణించిన అస్అద్ బిన్ జురారా, బరా బిన్ మారూర్ వంటివారు చేసిన నమాజుల గతి ఏమిటన్నదే వారి దిగులు. అల్లాహ్ వారి విశ్వాసాన్ని వృథా చేయడని వహీ వచ్చింది. నా దృష్టిలో ఈ ప్రకరణం మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది. పాత దిశలో చేసిన నమాజు చెల్లింది, కొత్త దిశలో చేసినదీ చెల్లింది. చెల్లించినది దిశ కాదు, విధేయత. అదే సూరాలో కొంత ముందుకు వెళితే, ముఖాలను తూర్పుకో పడమరకో త్రిప్పడమే పుణ్యం కాదనీ, విశ్వాసమూ దానధర్మమూ మాట నిలుపుకోవడమూ పుణ్యమనీ వస్తుంది. ఖిబ్లాను నిర్ణయించిన గ్రంథమే దానిని ఎంతవరకు ఉంచాలో కూడా చెప్పింది.

ఇక్కడ మనవారు సైతం తరచు విస్మరించే ఒక విషయం ఉంది. ముస్లిములు కాబా వైపు తిరిగిన ఆ రోజున కాబా ఎవరి చేతిలో ఉంది? ఖురైషుల చేతిలో. దాని లోపలా చుట్టూ ఏమున్నాయి? విగ్రహాలు. వాటి సంఖ్య 360 అని హదీసు. ఖిబ్లా మార్పు నుండి హిజ్రీ 8 రమజాన్‌లో (క్రీ.శ. 630) జరిగిన మక్కా విజయం వరకు, దాదాపు ఆరేళ్ళపాటు, తౌహీద్ ప్రబోధకులు తమ బద్ధశత్రువుల అధీనంలో ఉన్న, విగ్రహాలతో నిండిన గృహం వైపు ముఖం పెట్టి రోజుకు ఐదు పూటలు నమాజు చేశారు. బద్ర్, ఉహుద్, అహ్జాబ్ యుద్ధాలు ఆ కాలంలోనివే. ఆ గృహంలో ఉన్నదానికే మొక్కేవారైతే వారికీ ఖురైషులకూ పోరెందుకు? గృహంలో ఏమున్నా, అది ఎవరి స్వాధీనంలో ఉన్నా, దిశ దిశగానే ఉంది.

మక్కా విజయం నాడు విగ్రహాలను తొలగించిన తరువాత ప్రవక్త (స) బిలాల్ (రజి)ను కాబా పైకెక్కి అజాన్ ఇమ్మన్నారు. నిన్నటి బానిస పాదాలు ఆ కప్పు మీద ఉండటం ఖురైషు ప్రముఖులకు కంటగింపయింది. తాను ఆరాధించే వస్తువు మీద కాలు మోపి నిలబడేవాడు ఎక్కడైనా ఉంటాడా?

హజ్రత్ ఉమర్ (రజి) నల్లరాతిని ముద్దుపెట్టుకొంటూ, నీవు రాయివని నాకు తెలుసు, మేలు గాని కీడు గాని చేయలేవు, ప్రవక్త చేయగా చూచి చేస్తున్నాను అన్న సంగతి అందరూ ఎరిగినదే. ఆయనదే మరొక సంఘటన అంతగా ప్రచారంలో లేదు. హిజ్రీ 16 ప్రాంతంలో (637-38) బైతుల్ మఖ్దిస్ ముస్లిముల వశమైనప్పుడు ఆయన స్వయంగా అక్కడికి వెళ్ళారు. నమాజు ఎక్కడ చేయాలన్న ప్రశ్న వచ్చింది. యూదమతం నుండి ఇస్లాంలోకి వచ్చిన కఅబ్ అహ్బార్, పవిత్ర శిలకు వెనుక, అనగా ఉత్తరాన నిలిస్తే పాత ఖిబ్లా, కొత్త ఖిబ్లా రెండూ ఎదుట ఉంటాయని సలహా ఇచ్చారు. ఉమర్ (రజి) ఆయనను మందలించి, శిలకు ముందుకు వెళ్ళి, దానికి వీపు పెట్టి, కాబా వైపు నిలిచారు. ఆ శిలాస్థలం మీద పేరుకొన్న చెత్తను తన వస్త్రంలో ఎత్తిపోసినవారు కూడా ఆయనే. గౌరవం వేరు, ఖిబ్లా వేరు అన్న విచక్షణ ఒకే రోజున ఒకే మనిషి చేతలలో కనిపిస్తుంది.

ఇక కట్టడం చరిత్రకు వస్తే, కాబా గోడలు చెక్కుచెదరకుండా నిలిచినవి కావు. ప్రవక్త (స) వయస్సు 35 ఏళ్ళున్నప్పుడు, సుమారు క్రీ.శ. 605లో, ఖురైషులు దానిని పడగొట్టి తిరిగి కట్టారు. ధర్మబద్ధమైన సొమ్మునే వాడాలని నియమం పెట్టుకొన్నందున డబ్బు చాలక, ఇబ్రాహీం (అ) పునాదులలో కొంత భాగాన్ని బయట వదిలేశారు. నేడు హతీమ్ అని పిలిచే అర్ధవలయం అదే. జనం కొత్తగా ఇస్లాంలోకి వచ్చినవారు కాకపోయినట్లయితే పాత పునాదుల మీద, రెండు ద్వారాలతో కట్టించి ఉండేవాడినని ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో అన్నారు. జనం మనసు చెదరకూడదని ఆయన ఆ పని మానుకొన్నారు.

ఆ మాటను హిజ్రీ 64 (క్రీ.శ. 683)లో జరిగిన ఘోరం తరువాత అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) ఆచరణలో పెట్టారు. యజీద్ సైన్యం మక్కాను ముట్టడించినప్పుడు కాబా కాలిపోయింది, నల్లరాయి పగిలింది. ఇబ్నె జుబైర్ జనాన్ని సంప్రదించారు. మరమ్మతు చేసి వదిలేయండి, జనం ఇస్లాం స్వీకరించినది ఈ గృహం మీదనే అని ఇబ్నె అబ్బాస్ సలహా. మీ ఇల్లు కాలిపోతే మీరు మరమ్మతుతో సరిపెట్టుకొంటారా అని ఇబ్నె జుబైర్ జవాబు. మూడు రోజులు అల్లాహ్‌ను మేలు కోరుకొని, ఆపైన పడగొట్టడానికి నిశ్చయించారు. మొదట గోడ మీద చేయి వేసినవాడి మీద ఆకాశం నుండి ఏ ఆపద దిగుతుందోనని ఎవరూ సాహసించలేదు. చివరకు ఒకడు ఎక్కి ఒక రాయిని క్రిందకు త్రోశాడు. అతనికేమీ కాలేదని చూచాక అందరూ పనిలోకి దిగారు. గోడలను నేలమట్టం చేశారు.

అప్పుడు నమాజు సంగతేమిటి? ఇబ్నె జుబైర్ గోడలున్నచోట స్తంభాలు నాటించి తెరలు కట్టించారు. గోడలు తిరిగి లేచేవరకు జనం ఆ తెరల వైపే నిలిచారు. ఈ వివరం సహీహ్ ముస్లింలో ఉంది. గోడలు లేని కాబాకు ఎదురుగా నిలిచిన ఆ వరుసలను తలచుకొన్నప్పుడల్లా, పెద్ద గ్రంథాలు చేయలేని పనిని ఆ గుడ్డతెరలు చేశాయని నాకనిపిస్తుంది.

ఇబ్నె జుబైర్ కట్టించిన కాబా పదేళ్ళు కూడా నిలువలేదు. హిజ్రీ 73 (క్రీ.శ. 692)లో హజ్జాజ్ మక్కాను ముట్టడించి ఆయనను చంపాడు. ఆపై ఖలీఫా అబ్దుల్ మలిక్ ఆదేశంతో హతీమ్‌ను మళ్ళీ బయటకు నెట్టి, రెండవ ద్వారాన్ని మూసి, ఖురైషుల కొలతలకే తెచ్చాడు. ఆయిషా (రజి) హదీసు నిజమేనని తెలిశాక అబ్దుల్ మలిక్ విచారించాడని అంటారు. అటు తరువాత ఒక అబ్బాసీ ఖలీఫా, హారూన్ రషీద్ అని కొందరంటారు, మళ్ళీ పడగొట్టి ఇబ్నె జుబైర్ పద్ధతిలో కట్టిస్తానన్నప్పుడు ఇమాం మాలిక్ అడ్డుకొన్నారు. దైవగృహాన్ని రాజుల ఆటవస్తువుగా చేయవద్దని ఆయన వేడికోలు. ఇమాం మాలిక్ హదీసును కాదనలేదు. హదీసు ప్రకారం ఏ కట్టడం మేలో ఆయనకు తెలుసు. అయినా ప్రతి రాజూ తన భక్తిని చాటుకోవడానికి గోడలు పడగొట్టే ఆచారం మొదలు కాకూడదన్నదే ఆయన ఉద్దేశం. ఆలిముల వివేకానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

హిజ్రీ 317 (క్రీ.శ. 930)లో ఖరామితా నాయకుడు అబూ తాహిర్ హజ్ రోజులలో మక్కాపై పడి, హాజీలను వధించి, నల్లరాతిని పెకలించుకొని తూర్పు అరేబియాకు తీసుకుపోయాడు. అది హిజ్రీ 339 (951)లో గాని తిరిగిరాలేదు. ఆ 22 ఏళ్ళు నల్లరాయి లేని మూలను తాకుతూ తవాఫ్ సాగింది. ఒక్క మస్జిదు కూడా మిహ్రాబ్ మార్చలేదు. నల్లరాయి ఎక్కడుంటే అక్కడికి తిరగాలని ఒక్క ఫఖీహ్ కూడా అనలేదు. హిజ్రీ 1039 (1630)లో వరదకు గోడలు కూలితే ఉస్మానీ సుల్తాను నాలుగవ మురాద్ కాలంలో తిరిగి కట్టారు. నేడు హాజీలు చూచే కట్టడం ప్రధానంగా అప్పటిదే.

మదరసాలలో మనం చదివే హిదాయా దీన్ని ఒక్క సూత్రంలో చెబుతుంది. హనఫీ మతం ప్రకారం కాబా అనగా ఆ స్థలమూ, దానిపైన ఆకాశం దాకా ఉన్న శూన్యమూ, గోడలు కావు. కాబా కప్పు మీద నిలిచి నమాజు చేస్తే చెల్లుతుందా అన్న చర్చలో ఈ మాట వస్తుంది. మర్యాద కాదు గనుక మక్రూహ్, కాని చెల్లుతుంది. షాఫయీ పండితులు కొన్ని షరతులు పెట్టారు. విద్యార్థిగా ఉన్నప్పుడు ఇది ఉబుసుపోక వేసుకొన్న ప్రశ్న అనుకొన్నాను. కాబా చరిత్ర చదివాక గాని ఆ ఫుఖహాలు ఎంత నిజమైన అవసరంతో మాట్లాడారో తెలియలేదు.

దూరాన ఉన్నవాడి సంగతి ఇంకా సులభం. కాబాను కంటితో చూచేవాడు సరిగ్గా దానికే ఎదురు కావాలి. చూడలేనివాడికి దాని వైపు ఉంటే చాలునని హనఫీల నిర్ణయం. ముఖం ఎదుటి పావు వంతు వృత్తంలో, అనగా అటూ ఇటూ 45 డిగ్రీలలో, కాబా ఉంటే నమాజుకు లోటు లేదు. చీకటిలోనో ప్రయాణంలోనో దిశ తెలియనివాడు శక్తికొలది ఆలోచించి నిలిస్తే, తరువాత పొరపాటని తేలినా తిరిగి చేయనవసరం లేదు. ఇంత వెసులుబాటు ఉన్నా ముస్లిం విద్వాంసులు కచ్చితత్వం కోసం శ్రమించడం మానలేదు. గజ్నీ నగరపు ఖిబ్లాను లెక్కకట్టడానికి అల్‌బిరూనీ నగరాల దూరాల మీద ఒక గ్రంథమే వ్రాశాడు (1025). 14వ శతాబ్దంలో దమిష్క్‌లోని అల్‌ఖలీలీ అక్షాంశ రేఖాంశాల వారీగా ఖిబ్లా పట్టికలు తయారుచేశాడు. తప్పనిసరి కాని పనిని ప్రేమకొద్దీ చేశారన్నమాట.

మన ప్రాంతానికి వస్తే, హైదరాబాదు నుండి కాబా నేరు పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంది. తెలుగు జిల్లాలన్నింటికీ కొన్ని డిగ్రీల తేడాతో ఇదే లెక్క. నేరుగా పడమరకు కట్టిన పాత మస్జిదులు ఈ లెక్కతో సరిపోకపోయినా, 45 డిగ్రీల హద్దులో సుఖంగా ఉన్నాయి.

ఈ సంగతి తెలియకనే ఒక పట్టణపు మస్జిదులో గొడవ వచ్చింది. ఊరి పేరు అనవసరం. యువకులు ఫోనులో దిక్సూచి చూచి, మస్జిదు వంకరగా ఉందని నేలమీద ఏటవాలుగా రంగుపట్టీలు అంటించారు. మా తాతలు చేసిన నమాజులన్నీ పోయినట్లేనా అని పెద్దలు మండిపడ్డారు. రెండు వారాలు రెండు జమాఅత్‌లు నడిచాయి. అరబీ చదివినవాడినని నన్ను పిలిచారు. నేను మార్పుకు ముందు మరణించిన సహాబాల సంగతి చెప్పాను, హిదాయా సంగతి చెప్పాను. పెద్దలు మెత్తబడ్డారు గాని, యువకులు ఫోను చూపించారు. మూడు ఫోన్లు మూడు కోణాలు చూపాయి. స్తంభాలలోని ఇనుము వాటిని తప్పుదారి పట్టిస్తున్నదని అప్పుడు తెలిసింది.

ఏటా మే 28, జూలై 16 ప్రాంతాలలో సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా కాబా నెత్తిన ఉంటాడు. ఆ క్షణంలో సూర్యుడు కనిపించే దిశయే ఖిబ్లా. దీనిని నసీరుద్దీన్ తూసీ 13వ శతాబ్దంలోనే వివరించాడు. మన గడియారంలో అది మేలో మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలు, జూలైలో 2 గంటల 57 నిమిషాలు. మేము జూలై 16న మస్జిదు డాబా మీద ఒక కర్రను నిట్టనిలువుగా నిలిపాము. ఉదయం నుండి మబ్బు. పావుతక్కువ మూడింటికి కాస్త తెరిపి ఇచ్చింది. సమయానికి పడిన నీడ వెంట సుద్దతో గీత గీశాము. గీత పెద్దల మిహ్రాబ్‌తోనూ కలువలేదు, యువకుల పట్టీలతోనూ కలువలేదు. రెంటికీ నడుమ పోయింది.

ఇప్పుడక్కడ జమాఅత్ ఒకటే, పాత మిహ్రాబ్‌కే. పట్టీలు సగం ఊడిపోయి ఉన్నాయి. ఒకరిద్దరు యువకులు వరుసలోనే నిలిచి భుజాలు కాస్త ఉత్తరానికి త్రిప్పుకొంటారు. పెద్దలు చూచీ చూడనట్లు ఊరుకొంటారు.